ఏప్రిల్ 31న కూడా మా పల్లెకు నీళ్ళొచ్చినాయి

(తిరుపతిలో ఒక లైబ్రరీ హాల్లో జరిగిన మీటింగులో, కుప్పం పక్క ఒక చిన్న పల్లె నుంచి వచ్చిన ఒకామె మాట్లాడింది. సోషల్ వర్క్ చదివే పిల్లోళ్ళు, సచివాలయం ఉద్యోగులు, ఊర్ల నుంచి వచ్చినోళ్ళు ఉండారు. ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేసినాం, ఆమె మాటను మార్చలేదు.)

వెనకాల వినిపిస్తా ఉందా అమ్మా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు నాయనా, మైకులో గాలే వస్తా ఉంది. సరే.

అందరికీ నమస్కారం. నాకు ఇచ్చిన టాపిక్ ఏమంటే మారుమూల గ్రామాల్లో ప్రభుత్వ సేవలు, జవాబుదారీతనం అంట. జవాబుదారీతనం అనే మాట మా పల్లెలో ఎవరూ అనరు, నోరే తిరగదు దానికి. మా అవ్వయితే "అడిగే దిక్కు లేదు" అంటాది. ఆ దిక్కు గురించే నేను మాట్లాడేది.

మీరంతా తిరుపతి వాళ్ళు కాబట్టి ఒకటి చెప్తా. కొండ మీద ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండినాయి, టోకెన్ లేనోళ్ళకు ఎన్ని గంటలు పడతాది అని పొద్దున్నే పేపర్లో వేస్తారు, వాట్సాప్‌లో తిరుగుతాది. పద్దెనిమిది గంటలంటే పద్దెనిమిది గంటలు కూర్చుంటారు జనం, బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకోని, ఎందుకంటే లెక్క ముందే చెప్పినారు గదా. అదే మా పల్లెలో ఒక అవ్వకు పింఛను ఆగిపోయిందనుకో, ఇంక ఎన్ని నెలలు పడతాదో చెప్పే మనిషే దొరకడు. దేవుడి దగ్గర క్యూ ఎంతుందో తెలుస్తాది గానీ మండలాఫీసులో మన ఫైలు ఏ కంపార్ట్‌మెంట్‌లో కూర్చోనుందో తెలీదు. (నవ్వులు)

నా కథ నీళ్ళ కాడ మొదలయింది. మాది పడమటి మండలాల్లో, కుప్పం రోడ్డు మీద నుంచి లోపలికి రావాల, ఒక గుట్ట ఎక్కి దిగి వంక దాటితే మా పల్లె, నలభై ఇండ్లు కూడా ఉండవు. పంచాయతీ ఉండే పెద్దూరు ఆరు కిలోమీటర్లు. మా పక్క బోరు వెయ్యి అడుగులు వేసేది మామూలు, వేసినాక నీళ్ళకు బదులు దుమ్ము లేచేది కూడా మామూలే. 2019 ఎండాకాలంలో మా పల్లె బోరు ఎండిపోయింది, ట్యాంకర్‌తో తోలతామని ఆఫీసులో రాసుకున్నారు. ఏ ఆఫీసని నన్ను అడగద్దండి. ట్యాంకరంటే ట్రాక్టర్‌కు తగిలించే ఐదు వేల లీటర్ల ట్యాంకు, దినానికి రెండు ట్రిప్పులు శాంక్షన్. వచ్చేది వారానికి మూడు సార్లు, ఒక్కో వారం రెండే. ముందు దినం సాయంత్రమే బిందెలు వరసలో పెట్టేవాళ్ళం, బిందె ఖాళీ లేనోళ్ళు తెగిపోయిన చెప్పు పెట్టి దాని మీద రాయి పెట్టేది, ఆ రాయిని ఎవరో జరిపినారని రెండిండ్లోళ్ళు ఆర్నెల్లు మాట్లాడుకోలేదు.

పోయి అడిగితే "రోజూ తోల్తా ఉండాం కదమ్మా" అంటారు. మేము రాలేదంటాం, వాళ్ళు వచ్చిందంటారు, వాళ్ళ చేతిలో కాగితం ఉండాది, మా చేతిలో ఖాళీ బిందె ఉండాది, గెలిచేది ఎవరో మీకు తెలుసు గదా.

అప్పటికి నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీలో, అంటే జరిగిన పనుల లెక్కలు ఊర్లోకి పోయి జనంతో సరిచూసే పనిలో, కొన్నాళ్ళు పని చేసున్నా, కాగితం అంటే భయం పోయింది. సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టినా, తెల్ల కాగితం మీద, నా చేతిరాతతో. పిల్లోళ్ళు ఈడ కొంచెం చూడండి, అర్జీలో "మా పల్లెకు నీళ్ళు ఎందుకు రావడం లేదు" అని రాయలేదు నేను. అట్ల రాస్తే "నిబంధనల మేరకు సరఫరా చేయబడుచున్నది" అని ఒక లైను వస్తాది, దాంతో సరి. నేనడిగింది ఏప్రిల్ నెల ట్రిప్ షీట్ల కాపీలు, ట్రాక్టర్ నంబరు, నీళ్ళు ముట్టినాయని ఊర్లో ఎవరు సంతకం పెట్టినారో ఆ కాగితం, బిల్లు పాస్ చేసిన కాగితం. మన రాష్ట్రంలో పంచాయతీ లెవల్ ఆఫీసుకయితే ఫీజే లేదు, మండలం లెవల్‌కు ఐదు రూపాయలు, దాని పైన పది రూపాయలు, తెల్ల రేషన్ కార్డు వాళ్ళకు ఏమీ లేదు. నా కాడ కార్డు ఉన్నా నేను ఐదు రూపాయల స్టాంపు అంటించే ఇచ్చినా, ఎందుకో ఊరికే అడిగినట్టు ఉండకూడదు అనిపించింది.

చట్టంలో ముప్పై దినాలు. నాకు ముప్పైఆరో దినం వచ్చింది, పోస్టులో.

నెల మొత్తానికి ఒకే షీటు. ఒకటో తేదీ గడిలో నీలం బాల్‌పెన్నుతో "2 ట్రిప్పులు, 10,000 లీ." అని రాసుంది, ఎదురుగా సంతకం. రెండో తేదీ గడిలో రెండు చిన్న గీతలు, అదే, డిట్టో. మూడు డిట్టో, నాలుగు డిట్టో. పదకొండో తేదీ రాష్ట్రమంతా పోలింగు, ఆ దినం ఆ ట్రాక్టరు ఎవరెవర్ని ఎక్కించుకోని యాడాడ తిరిగిందో మండలమంతా చూసింది, దానికీ డిట్టో. అట్లే వేలు పెట్టుకోని కిందికి చదువుకుంటా పోయినా. ముప్పై, డిట్టో. దాని కింద ఇంకో గడి ఉంది. ముప్పైఒకటి, డిట్టో.

ఆ షీటు ప్రింటు వేసిందే ముప్పైఒక్క గడితో కదా, గీతలు పెట్టిన మనిషి ఒక ఊపులో అడుగు దాకా పెట్టేసినాడు. ఏప్రిల్‌కు ముప్పైఒకటో తేదీ ఉంటాదా? మా పల్లెకు ఉండింది. ఆ దినం పది వేల లీటర్ల నీళ్ళు కూడా వచ్చినాయి. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు వద్దు గానీ దాని కింద ఏముందో వినండి. కింద ఒక సంతకం, "వెరిఫైడ్" అని. దాని పక్కన ఇంకో సంతకం. ఆ పక్కన గుండ్రం స్టాంపు. అంటే గీతలు పెట్టినాయన కాకుండా ఇంకో ఇద్దరి చేతుల్లోంచి పోయింది ఆ కాగితం, ఇద్దరిలో ఒక్కరూ దాన్ని చదవలేదు. నాకు ఆ దినం తలకెక్కింది ఇది. మేమేమో మా పల్లెకు గవర్నమెంటు రాలేదు రాలేదు అని ఏడుస్తా ఉండాం, కాగితంలో చూస్తే రోజుకు రెండు సార్లు వచ్చి పోతా ఉంది. రాసేవాళ్ళు ఉండారు, సంతకం పెట్టేవాళ్ళు ఉండారు, చదివేవాళ్ళు లేరు. మేము చదవాల్సి ఉండింది.

దాన్ని జిరాక్స్ తీయించి రచ్చబండ కాడ వేపచెట్టుకు అతికించినా. చదువురాని ఆడోళ్ళు కూడా ఆ గీతల్ని వేలితో లెక్కపెట్టినారు. తరువాత పదిమంది కలిసి ఆఫీసుకు పోయినాం, ఆడుండే సారు కాగితాన్ని చూసి "క్లరికల్ మిస్టేకమ్మా" అన్నాడు. సరే సార్, మిస్టేకే అనుకుందాం, రేపట్నుంచి రిజిస్టరు మా పల్లెలో పెట్టండి, ట్యాంకర్ వచ్చినప్పుడు టైము రాసి ఇద్దరు ఆడోళ్ళు సంతకం పెడతారు, ఆ కాపీతోనే బిల్లు పెట్టుకోండి అన్నాం. ఆయనకు కూడా అది సులువే అనిపించింది అనుకుంటా, ఒప్పుకున్నాడు. రోజూ రెండు ట్రిప్పులు వచ్చినాయా అంటే రాలేదు, అబద్ధం చెప్పను. ఒక ట్రిప్పు మటుకు దాదాపు రోజూ వచ్చింది. రాని దినం గడి ఖాళీగా ఉండేది, ఖాళీ గడికి బిల్లు పడదు, మేము నోరెత్తాల్సిన పని లేకపాయ.

ఈ కాగితాన్ని పదిమందిలో చదివే పని మనమేం కొత్తగా కనిపెట్టింది కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని ఉంది, అరుణా రాయ్ గారు వాళ్ళు 1990లో పెట్టింది, వాళ్ళు 1994 డిసెంబర్‌లో కోట్ కిరానా అనే ఊర్లో మొట్టమొదటి జన సున్వాయీ పెట్టినారు, అంటే జనం ముందర విచారణ. కూలోళ్ళ మస్టర్ రోలు, అంటే హాజరు పట్టీ, బిల్లులు బయటికి తీసి అందరి ముందర గట్టిగా చదివినారు, అంతే వాళ్ళు చేసింది. ఆ కొట్లాట సాగి సాగి 2005లో సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. అదే సంవత్సరం ఉపాధి హామీ చట్టం, అది 2006 ఫిబ్రవరి 2న మొదలయింది యాడో కాదు, మన పక్కన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, మన్మోహన్ సింగ్ గారు వచ్చి మొదలుపెట్టినారు. ఆ చట్టంలో పదిహేడో సెక్షన్ సామాజిక తనిఖీ. దేశంలో మొదట దాన్ని పద్ధతిగా చేసి చూపించింది మన రాష్ట్రమే, ఈ ఒక్కటీ మనం గర్వంగా చెప్పుకోవచ్చు. కూలోళ్ళ ఇండ్లల్లో చదువుకున్న పిల్లోళ్ళను తీసుకోని ట్రైనింగ్ ఇచ్చి ఇంటింటికీ తిప్పినారు. నేను అట్ల వచ్చినదాన్నే. ఎవరి ఊరు వాళ్ళు తనిఖీ చేయకూడదు, పక్క ఊరికి పోవాల, దాంట్లో ఎంత తెలివుందో నాకు తరువాత అర్థమయింది.

ఎందుకంటే చెప్తా. ఒక ఊర్లో, పేరు వద్దు, ఒక పెద్దామె ఉపాధి పని జాబ్ కార్డు తీసుకోని గడపలో కూర్చోని చదువుతా ఉండా. "పెద్దమ్మా, నువ్వు ఫీడర్ చానల్ పనికి, చెరువుకు నీళ్ళొచ్చే కాలువ పనికి, పన్నెండు దినాలు పోయినట్టుంది" అన్నా. "ఆరు దినాలే పోయినా నాయనా, తరువాత కాలు బెణికింది" అనింది. మిగతా ఆరు దినాల డబ్బులు? అకౌంట్లో పడినాయి, ఫీల్డ్ అసిస్టెంటు వచ్చి తీసుకోని పోయినాడు. రాసుకుందామని పెన్ను తీసినా. ఆమె నా చెయ్యి పట్టుకునింది. "రాయొద్దు, వాడు మా తమ్ముడి కొడుకు" అనింది. వానికి జీతం నాలుగు నెలలుగా రాలేదంట, ఇంట్లో పెండ్లాం కాన్పుకు ఉందంట. ఆ పెన్ను పట్టుకోని నేను ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు.

సిటీలో అకౌంటబిలిటీ అని మాట్లాడుకునేవాళ్ళకు ఇది పట్టదు. మారుమూల ఊర్లో నువ్వు నిలదీయాల్సినోడు నీ తమ్ముడి కొడుకో, నీ బిడ్డ మామో, రేపు నీ పింఛను పేరు రాసేవాడో అయుంటాడు. అడిగితే పండక్కి పిలవరు. వంక పొంగినప్పుడు వాడి ట్రాక్టర్‌లోనే ఆసుపత్రికి పోవాల. అందుకే జనం నోరు మూసుకునేది, తెలివిలేక కాదు. ఇంకోటి, ఆఖరికి పట్టుబడేది ఎప్పుడూ అడుగునుండే మనిషే. రికవరీ అంటే ఫీల్డ్ అసిస్టెంటు మీద రాస్తారు, కూలోళ్ళ గుంపుకు పెద్దగా ఉండే మేట్ మీద రాస్తారు, పైన వెరిఫైడ్ అని సంతకం పెట్టినాయన ట్రాన్స్‌ఫర్ అయి హాయిగా పోతాడు. నేను ఆ దినం రాసినా. పెద్దామె పేరు లేకుండా, చానల్ కొలతలు టేపుతో కొలిచి, పన్నెండు దినాల పని ఆడ లేదని, కొలత పుస్తకంలో సంతకం ఎవరిదో దాంతో సహా రాసినా. అది సరిగ్గా చేసినానో లేదో ఇప్పటికీ చెప్పలేను.

సరే, ఇంక లెక్కల సంగతి. మా లాంటి పల్లెలకు ఇంకో తిప్పలుంది, మేము చాలా స్కీముల్లో లెక్కలోకే రాము. ప్రధానమంత్రి సడక్ యోజన 2000 డిసెంబర్ 25న మొదలయింది, మైదానంలో 500 మంది ఉండే ఊరికి, కొండ ప్రాంతం, గిరిజన ప్రాంతమయితే 250 మంది ఉండే ఊరికి రోడ్డు అన్నారు. నలభై ఇండ్లకు మనిషికి మనిషి లెక్కేసినా మేము నూటెనభై దాటం. హెల్త్ సబ్‌సెంటర్ 5,000 మందికి ఒకటి, కొండల్లో 3,000 మందికి. స్కూలయితే విద్యాహక్కు చట్టం రూల్స్‌లో ఐదో తరగతి దాకా ఒక కిలోమీటర్ లోపల, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల ఉండాల. కిలోమీటరు ఎట్లా కొలుస్తారు? మ్యాపులో మా పల్లెకూ పక్కూరి బడికీ మధ్య గీత గీస్తే దగ్గరే. వంక చుట్టుకోని నడిస్తే దాని కత వేరే. ఈ తిరుపతి జిల్లాలోనే తడ మండలంలో ఇరకం దీవి ఉంది చూడండి, పులికాట్ నీళ్ళ మధ్యలో, పడవెక్కకుండా ఆడికి పోలేరు, ఆడికి మ్యాపులో ఎన్ని కిలోమీటర్లంటే ఏం లాభం, ఆ దినం గాలి ఎట్లుంది అనేదే కదా లెక్క. నేను చెప్పేదేమంటే దూరం కొలిచినాం అని ఎవరన్నా అంటే ఏ దారిలో కొలిచినారో ఆ కాగితం అడగండి.

రేషన్ గురించి కూడా ఒక మాట. ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది, మనిషికి నెలకు 5 కేజీలు, అంత్యోదయ కార్డుకు 35 కేజీలు, అది హక్కు. మా పల్లెలో సిగ్నల్ రాదు, వేలిముద్ర మిషను పట్టుకోని అందరూ మిట్ట మీద బండరాయి కాడికి పోతారు, ముసలోళ్ళు కూడా ఎక్కాల. బంక పట్టిన వేళ్ళు, చింతపండు కొట్టిన వేళ్ళు, మిషను గుర్తుపట్టదు. "రేపు రా అవ్వా" అంటారు. ఆ రేపు రా అనేది ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు చూడండి! ఎన్నిసార్లు వేలు పెట్టినా పడలేదో, ఎంతమందిని తిప్పి పంపినారో, దాన్ని మీరే ఒక నోట్‌బుక్కులో తేదీ వేసి రాయండి. బడికి పోయే పిల్ల ఎవరన్నా ఉంటే చాలు.

సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సు ఉంటాది, 1100కి ఫోన్ చేసినా అర్జీ రాసుకుంటారు, అవన్నీ మంచివే, నేను కాదనను. కానీ కుప్పం అవతల నుంచి మనిషి చిత్తూరుకు వచ్చి క్యూలో నిలబడి పోవాలంటే ఒక దినం కూలి పోతాది. మొన్న 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్ళకు బస్సు ఫ్రీ చేసినారు, సంతోషం, బస్సొచ్చే ఊరోళ్ళకు. మాకు ఆరు కిలోమీటర్లు నడిచినాక ఫ్రీ. (నవ్వులు) అర్జీ ఇచ్చినాక వారానికో రెండు వారాలకో ఫోనుకు మెసేజ్ వస్తాది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. నేను ఒకసారి ఆ మెసేజ్ పట్టుకోని పోయి ఎండార్స్‌మెంట్ కాపీ, అంటే ఆఫీసోళ్ళు అర్జీకి రాసిన జవాబు, తీసుకున్నా, దాంట్లో ఏముంది, "తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారికి పంపడమైనది." పంపడమే పరిష్కారం. ఇదేం లెక్కబ్బా? ఉత్తరం డబ్బాలో వేస్తే చేరినట్టేనా? అందుకే మెసేజ్ చూసి ఇంట్లో కూర్చోవద్దు, ఆ నంబరుతో మళ్ళీ తెరిపించండి, ఒక అర్జీలో ఒకటే అడగండి. రోడ్డు, లైటు, పింఛను మూడూ ఒకే కాగితంలో రాస్తే లైటు ఒకటి వేసి మూడూ పూర్తి అంటారు.

సమాచార హక్కులో ముప్పై దినాలకు జవాబు రాకుంటే ముప్పై దినాల లోపల మొదటి అప్పీలు, అదే ఆఫీసులో పై అధికారికి. ఆడా కాకుంటే తొంభై దినాల లోపల రాష్ట్ర సమాచార కమిషన్‌కు. దినానికి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. వేస్తారా అని అడగొద్దండి, ఆడికి పోతే చాలా కాలం పడతాది, కానీ మొదటి అప్పీలు కాగితం చూస్తానే సగం ఆఫీసుల్లో ఫైలు కదులుతాది, ఇది నా అనుభవం. ఇంకోటి ఎక్కువ మందికి తెలీదు, ఈ చట్టంలో కాపీలే కాదు, పనిని పోయి చూసే హక్కు, శాంపుల్ తీసుకునే హక్కు కూడా ఉండాయి. అర్జీ పెట్టి అడిగితే, వేసిన రోడ్డులోంచి కంకర పెళ్ళ తీయించి, ఇది ఆ రోడ్డుదే అని ఆఫీసోళ్ళతో సర్టిఫై చేయించుకోని సంచిలో వేసుకోవచ్చు, చట్టప్రకారం.

ముందు వరసలో సచివాలయం పిల్లోళ్ళు కూర్చోనుండారు, ఇందాక్నుంచి మొహాలు చిన్నబుచ్చుకోని ఉండారు. మీ మీద నాకు కోపం లేదు నాయనా. 2019 అక్టోబర్ 2న మీ ఆఫీసులు తెరిచినప్పుడు మా అవ్వ "ఆరు కిలోమీటర్లు తగ్గింది, మండలం దాకా పోయే పని లేదు" అని మురిసిపోయింది. మిమ్మల్ని అడిగేది ఒకటే, సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ ప్రకారం ఎవరూ అడక్కుండానే చాలా వివరాలు బయట పెట్టాల, మీరు లోపల గోడకు బోర్డు పెట్టినారు, అది కుర్చీ వెనకాల ఉంటాది, పైన కాలెండర్ వేలాడతా ఉంటాది. దాన్ని బయట గోడకు పెట్టండి, వానకు తడిసినా సరే.

గ్రామసభ సంగతి చెప్పి ముగిస్తా. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే దినం గ్రామసభలు పెట్టినారు, మంచి పనే. మా పంచాయతీలో కూడా జరిగింది, పెద్దూర్లో, పొద్దున పదకొండు గంటలకు, కూలి టైములో. మా పల్లె నుంచి పోయింది నలుగురం. మేము వంక మీద కల్వర్టు అడిగినాం, అందరూ చేతులెత్తినారు, ఫోటో తీసినారు. వచ్చేటప్పుడు నేను తీర్మానం పుస్తకంలో మా కల్వర్టు ఎన్నో నంబరు తీర్మానమో చూపించమన్నా. లేదు. "తరువాత రాస్తాంలే అక్కా" అన్నారు. రాసినాకే పోతా అని ఆ మెట్ల మీద కూర్చున్నా, సాయంత్రం నాలుగయింది, రాసినారు. నంబరు నా ఫోన్‌లో ఉంది. కల్వర్టు ఇంకా రాలేదు, నంబరైతే ఉంది.

ఎవరన్నా ఏమన్నా అడగాలనుకుంటే అడగండి, నా బస్సుకు ఇంకా కొంచెం టైముంది.

(ఒక అమ్మాయి: అక్కా, ఆ ట్యాంకర్ డ్రైవర్‌ను ఏం చేసినారు?)

ఏం చేస్తారు, ఆ నెల బిల్లులో కొంత కోసినారు. ఆయన మా పక్కూరాయనే, ఇప్పటికీ ట్రాక్టరు నడుపుతాడు, మా జాతరకు వస్తాడు, మా ఇంట్లోనే సంగటి తింటాడు. పేరుతో ఎవరూ పిలవరు ఇప్పుడు, మా పక్క పిల్లోళ్ళకు కూడా ఆయన "ఏప్రిల్ ముప్పైఒకటి మామ". మొన్న అడిగినాడు నన్ను, "అక్కా, గీతలు పెట్టమన్నది నన్నైతే, పేరు పోయింది నాదే, చెప్పినాయన పేరు ఎవరికన్నా గుర్తుందా?" అని. నేను ఆ కాగితం తీసి చూసినా మళ్ళీ, రెండో సంతకం ఒట్టి గీత, పేరే లేదు దాని కింద.

(ఇంకో గొంతు: దాని మీద మళ్ళీ అర్జీ పెట్టొచ్చు కదక్కా?)

పెట్టినా. పోయిన నెల. ఇంకా ముప్పై దినాలు కాలేదు.